యార్డు గేటు దగ్గర ఆగిన బస్సు

ఎనుమాముల మార్కెట్ యార్డు వెనక ఉన్న మా కాలనీకి సిటీ బస్సు వేయమని ఆడవాళ్లం ఎన్ని ఆఫీసులు తిరిగామో. నేను హన్మకొండలో ఒక చీరల దుకాణంలో పనిచేస్తాను. మిర్చి సీజనులో ఆ ఘాటుకు దగ్గుకుంటూ, ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని పోయేవాళ్లం. చివరికి బస్సు వచ్చింది. ఆడవాళ్లకు టికెట్టు లేదు. వారం తిరక్కుండానే అడ్డా మీద ఆటోలన్నీ ఖాళీగా నిలబడ్డాయి.

ఒక పొద్దున యార్డు గేటు దగ్గర ఆటోలు అడ్డం పెట్టి మేమెక్కిన బస్సును ఆపారు. కర్రలు పట్టుకున్న ఆటోవాళ్లలో మా పక్కింటి అతను కూడా ఉన్నాడు. మా అత్తకు పక్షవాతం వచ్చినప్పుడు ఆమెను చేతుల మీద ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోయింది అతనే.

బస్సు డ్రైవరును కాలరు పట్టి కిందికి గుంజారు. లేవబోతే మోకాళ్ల మీద కొట్టారు.

"ఆయననెందుకు కొడ్తాన్రయ్యా, డ్యూటీ చేసెటోన్ని!" అంటూ కండక్టరమ్మ అడ్డం పోయింది. ఆమెను నెట్టేశారు. మెట్టు అంచు తగిలి నుదురు చీలింది.

అంతలో రాయి వచ్చి కిటికీ అద్దం పగిలింది. నా పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల చెంప తెగి, రక్తం నా చీర మీద కారింది. నేను దిగి నేరుగా పక్కింటి అతని దగ్గరికి పోయాను.

"అక్కా, నువ్వు పక్కకు జరుగు. మా పొట్ట కొట్టి బస్సెక్కుతాన్రు మీరు!"

"పొట్ట కొడ్తే పోరి మొఖం పగలగొడ్తవారా?"

అతని చేతిలో కర్ర గుంజుకుని అతన్నే కొట్టాను. అడ్డం పెట్టిన చేతి మీద మళ్లీ కొట్టాను. వేలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అతను తిరిగి చెయ్యెత్తలేదు. బస్సు మెట్ల మీద ఏడుస్తున్న ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డాడు. పోలీసులు వచ్చేసరికి మిగతావాళ్లు పారిపోయారు. అతను కదల్లేదు.

బస్సు బంద్ అయింది. పిల్ల చెంపకు కుట్లు పడ్డాయి. కొన్నాళ్లకు, పోలీసులు విడిచిపెట్టాక, వేలికి కట్టుతో అతను మా వాకిట్లో ఆటో ఆపాడు.

"ఎక్కక్కా, దుకానం టైమైతాంది."

ఎక్కాను. ఎక్కక ఎట్లా పోను? కాలనీ మలుపులో ఆ కాలేజీ పిల్ల కనిపిస్తే ఆటో ఆపి పిలిచాడు. ఆమె చున్నీ చెంప మీదికి లాక్కుని, మిర్చి లారీల పక్కనుంచి నడుచుకుంటూ పోయింది.