నల్లా నీళ్లలో చిటికెడు జిప్సం

మొన్న ఆదివారం సింగపూర్‌లోని టాంపినీస్‌లో మా బ్లాకు దగ్గర తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో కొత్తగా పెట్టిన బీరు కొట్టు ముందు మా అల్లుడు ఆగి, ఒక గ్లాసు కొని, తాను తాగకముందే నా చేతికిచ్చి నా మొహంలోకి చూశాడు. ఒక గుక్క నోట్లో తిప్పి, వీళ్లు నీళ్లను బాగు చేసుకున్నాకే కాచారు అన్నాను. అల్లుడు ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే కొట్టులోని చీనా అమ్మాయి "వా, ఆంటీ, ఎక్స్‌పర్ట్ ఆ!" అని చప్పట్లు కొట్టింది. ఆ విద్య నాకెలా అబ్బిందో నా ఈడువాళ్లకు చెప్పుకోవాలనిపించింది.

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే ట్రైనెక్కి తంజోంగ్ పగార్‌లోని ఆఫీసులకు వెళితే, మనవరాలిని చూసుకోవడానికి నేను వచ్చాను. అప్పటికి నాకు యాభై దాటాయి, ఒక్క అక్షరం రాదు. మా నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు కనుక, కల్లు లొట్టి కుండ మూతి దగ్గర ముక్కు పెట్టి అది ఏ పూట దింపిందో చెప్పడం మాత్రం చిన్నప్పుడే వచ్చింది. మా ఇళ్లలో ఆడవాళ్లు కల్లు తాగడం తప్పు కాదు. అందుకే అల్లుడు పర్మిట్ తెచ్చుకుని వంటింట్లో బీరు కాయడం మొదలుపెట్టినప్పుడు నేను కూడా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

రెండుసార్లు కాస్తే రెండుసార్లూ ఆస్పత్రి కట్టుగుడ్డ వాసన వచ్చింది. బకెట్టు సరిగ్గా కడగలేదేమోనని అల్లుడు దాన్నే రుద్దుతుంటే, లోపం నీళ్లలో ఉందని నేనన్నాను. మన దగ్గర బ్లీచింగ్ కలిపిన నీళ్లను రాత్రంతా మూత తీసి ఉంచితే వాసన పోయేది కదా, ఇక్కడ అలా ఉంచినా, మరగబెట్టి చల్లార్చినా నాలుక చివర ఆ వాసన తగులుతూనే ఉండేది. అల్లుడు కంప్యూటర్‌లో వెతికాడు. ఇక్కడ క్లోరిన్‌కు అమ్మోనియా కలుపుతారట, అది గాలికి పోయే రకం కాదట, వైను చేసేవాళ్లు వాడే బిళ్ళలో పావు ముక్క నూరి కలిపితేనే విరుగుతుందట. పైగా ఈ నీళ్లు మరీ చప్పన, అందులో కాల్షియం లేదు, కొంచెం జిప్సం వేస్తే బీరులో చేదు తేటగా పలుకుతుందట.

"మన సున్నం లాంటిదే అత్తమ్మా, పల్లి చేన్ల చల్లుతరు సూడు, గదే" అని చెప్పి, నీళ్ల పని నాకే అప్పగించాడు. పిల్లకు అన్నం పెట్టడం, బట్టలు ఆరేయడం కాక, నా ముక్కునూ నాలుకనూ నమ్మి ఆ ఇంట్లో నాకిచ్చిన మొదటి పని అది.

ఒక శనివారం సగం పనిలో ఉండగా బ్యాంకు కంప్యూటర్లు ఆగిపోయాయని అల్లుడికి ఫోనొచ్చింది. జిప్సం పొట్లం అల్మారాలో ఉంది, చిన్న చెంచాడు వేయమని చెప్పి పరుగెత్తాడు. అల్మారా తెరిస్తే తెల్లపొడి పొట్లాలు మూడు, మూడింటి మీదా ఇంగ్లీషు రాతలే. నాకు చదువు రాదని అతనికి తెలుసు, తొందరలో మరిచిపోయాడంతే. ఫోను చేసి అది గుర్తుచేయడానికి నాకు సిగ్గేసింది. సున్నం లాంటిదే అన్నాడు కదా అని, నా పాన్ డబ్బాలోని సున్నమే చెంచాడు తీసి కలిపేశాను.

మూడు వారాల తర్వాత సీసా తెరిస్తే పచ్చి కరక్కాయ నమిలినట్టు ఒకటే వగరు. జరిగింది చెప్పాను. అల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "కల్లు పొంగొద్దని లొట్టిలకు సున్నం పూస్తరు గద అత్తమ్మా! కల్లు గీసేటోళ్ల బిడ్డవు, గది గూడ మర్సినవా?" నేనూ నవ్వాను. ఆ తర్వాత అతను మెల్లగా, "ఇగ నీళ్ల సంగతి నేను సూస్కుంట, నువ్వు రెస్ట్ తీస్కో" అన్నాడు. తిట్టినా అంత నొచ్చుకునేదాన్ని కాదు.

ఆ సాయంత్రమే అమ్మాయిని కూర్చోబెట్టి నాకు అక్షరాలు నేర్పమన్నాను. "ఇప్పుడెందుకే అమ్మా, పొట్లాలకు రంగు కాయితాలు అంటిస్త, గుర్తుపడ్తవు" అంది. "రంగు కాయితాలు నాకద్దు బిడ్డా, దాని మీద రాసింది నేనే సదవాలె" అన్నాను.

నాలుగు నెలలు పట్టింది. ముందు తెలుగు, తర్వాత ఆ ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలు. కొడవలి పట్టిన చేతికి పెన్సిల్ ఆనేది కాదు, గట్టిగా నొక్కితే ముల్లు విరిగేది. మనవరాలు నా పలక లాక్కుని "అమ్మమ్మా, నాట్ లైక్ దట్ లా!" అని దిద్దేది. పిల్ల నిద్రపోయిన మధ్యాహ్నాల్లో సబ్బు కాగితం, బియ్యం సంచి, లిఫ్టులోని నోటీసు, ఏది దొరికితే అది కూడబలుక్కున్నాను. ఎన్నిసార్లు విసుగొచ్చినా ఆ అల్మారా గుర్తొస్తే మళ్లీ పలక తీసేదాన్ని.

చివరికి ఒక శనివారం, అల్లుడు కుండలో నీళ్లు వేడిచేస్తుంటే వెళ్లి, పొట్లాలు నా ముందు పెట్టమన్నాను. మొదటిది చేతిలోకి తీసుకుని వేలు పెట్టి ఒక్కో అక్షరమే పలుకుతున్నాను. పక్కనున్న అమ్మాయి ఉండబట్టలేక "అమ్మా, అది..." అని నోరు తెరిచింది. అల్లుడు చెయ్యెత్తి ఆపాడు. "ఉండు, అత్తమ్మనే సదవని." పొయ్యి కట్టేసి గరిటె పట్టుకుని నిలబడ్డాడు. మొదటిది కాదు, రెండోది కూడా కాదు. మూడో పొట్లం మీద జిప్సం అని పైకి చదివి, చెంచాడు కొలిచి, పావు బిళ్ళ నూరి నీళ్లలో కలిపాను. అల్లుడు జిప్సం తూచే చిన్న తక్కెడ తెచ్చి నా స్టూలు పక్కన పెట్టాడు. ఆ బీరులో కట్టుగుడ్డ వాసనా లేదు, వగరూ లేదు.

ఇప్పుడు అల్లుడికి కాచే తీరిక లేదు, ఏ రకం కావాలన్నా కొట్లో దొరుకుతుంది. ఏ భాషలో ఉన్నా ఫోను చూపిస్తే అదే చదివి వినిపిస్తుంది. మాత్రల సీసా నా చేతికి రాకముందే దాని మీద ఏముందో ఎవరో ఒకరు చెప్పేస్తారు, ప్రేమతోనే చెబుతారు. కాని అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ నేను మాట చివరిదాకా చేరేవరకు, కాగిన నీళ్లు చల్లారిపోతున్నా సరే, నోరు మెదపకుండా నిలబడే తీరిక ఇప్పుడు ఎవరికీ లేదు.