స్టార్టరూ, మెయినూ, శనివారం ఉప్మా

నాకు వారాలు రావు. అక్షరాలు వచ్చు, అంకెలు వచ్చు, మోటారు ఎందుకు మూలుగుతోందో చెవి ఒగ్గి చెప్పడం వచ్చు. ఇవాళ ఏ వారం అంటే మాత్రం గోడ మీది క్యాలెండరు వంక చూస్తాను. ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా చేరిన నాటి నుంచీ నాకు తెలిసిన వారాలు నాలుగే: ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు, ఆఫ్. ఈ తెలివితక్కువతనం వల్ల ఎవరికీ నష్టం లేదనే అనుకుంటూ వచ్చాను. నష్టం జరిగింది. అదీ బీచ్ రోడ్డులో, ఖరీదైన హోటలు మేడ మీద, కొవ్వొత్తి వెలుగులో.

మొదటి నుంచీ చెబుతాను. ఏ షిఫ్టుకి నేను చీకటితో వెళ్లిపోయేవాణ్ని, మా ఆవిడ బాక్సు కట్టి ఇచ్చేది. బీ షిఫ్టు నుంచి వచ్చేసరికి ఆవిడ తినేసి నా కంచం మీద మూత పెట్టి ఉంచేది. సీ షిఫ్టయితే ఆవిడ మధ్యాహ్నం భోంచేసే వేళకి నేను గురక పెడుతూ ఉండేవాణ్ని. ఆఫ్ రోజున చుట్టాలొచ్చేవారు, అందరికీ ఆవిడే వడ్డించేది. అలా మా కాపురమంతా ఒకే గిన్నెలోది తిన్నాం గాని ఒకే పూట తినలేదు.

ఈ ఏడాది నన్ను జనరల్ షిఫ్టులో వేశారు. పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చే మనుషుల ఉద్యోగం. గోపాలపట్నంలో మా వంటింట్లో ఆవిడ చపాతీలు ఒత్తుతూ, ఉన్నట్టుండి అడిగింది.

“ఏటండీ, మనిద్దరం ఎదురెదురుగా కూకోని, ఇంకోలు వడ్డిత్తంటే, ఏడేడిగా తిన్నది ఎప్పుడో సెప్పండి.”

నేను చాలాసేపు వెతికి, “మన పెళ్లి బంతిలో” అన్నాను.

“అప్పుడు మీ పక్కన కూకున్నాను. ఎదురుగా కాదు. తలెత్తి సూడనిచ్చేరేటి ఎవులైనా?”

నవ్వుతూనే అంది. ఆ ఒక్క పూట ఎలాగైనా ఆవిడకి ఇచ్చి తీరాలనుకున్నాను.

ఇలాంటి వాటికి మా బావమరిదిని సలహా అడగడం నా రెండో తెలివితక్కువతనం. మా ఆవిడ తమ్ముడు. ఆటోనగర్‌లో లేత్ మిషన్లు పెట్టుకుని షెడ్డు నడుపుతాడు. లేత్ తిప్పినట్టే మాటా తిప్పుతాడు.

“దాన్ని డేట్ నైట్ అంతారు బావా.”

“డేట్ అంటే తారీఖు కదరా?”

“నీకు తారీఖే. మాకు డేటు. శనివారం రాత్రి ఎల్లాలి. ఆదివారం ఎల్తే పిల్లా పీచూ అందరూ ఉంతారు, మజా ఉండదు. ఎల్తే ఫైన్ డైనింగ్‌కే ఎల్లు.”

ఫైన్ అంటే నాకు తెలిసింది హెల్మెట్ లేనప్పుడు వేసేది. తర్వాత తెలిసింది, ఇక్కడ డైనింగ్ ముందు, ఫైన్ వెనకాల వస్తుందని.

హోటల్ వెతకడం మొదలుపెట్టాను. ఫోన్లో చూస్తే అన్నిటికీ యాంబియన్స్, అంటే హంగు, అద్భుతం అని రాసి ఉంది. కూర ఎలా ఉంటుందో ఒక్కడూ రాయలేదు. కళ్లారా చూద్దామని ఒక సాయంత్రం డ్యూటీ దిగి ఒక చోటికి వెళ్లాను. జేబులో టెస్టరు ఉన్న సంగతి మరిచిపోయాను. అది నా జేబులో ఉంటే నాకు బరువు తెలియదు, కళ్లద్దాల్లాగ. గేటు దగ్గర కాపలా ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఏటి బాబూ, ఏసీ పనికొచ్చేవా? ఎనక గేటుకెల్లు” అన్నాడు. వెళ్లాను. ఏం చెప్పను, వెనక గేటు దగ్గర ప్యానెల్ బోర్డు తెరిచి ఉంటే కాసేపు చూసి, ఎర్తింగ్ బాగానే ఉందని తృప్తిపడి ఇంటికొచ్చేశాను.

ఇంకో చోట మేడ మీద దీపాలు గుడ్డిగా వెలుగుతున్నాయి. లో వోల్టేజీ అనుకుని జాలిపడ్డాను. అది రొమాన్స్ అని మా బావమరిది ఫోన్లో చెప్పాడు. దాన్నే ఖాయం చేశాను. రైలుకి తప్ప రిజర్వేషన్ చేయించి ఎరగని వాణ్ని, టేబులుకి చేయించాను. “సీ ఫుడ్ సెట్ మెనూ, ఫైవ్ కోర్స్ సార్” అన్నారు. అంటే అయిదు విడతల వడ్డన అట. సరే అన్నాను. రొయ్యలు, పీత, చందువ చేప అన్నీ ముందే చెప్పి, డబ్బు కట్టేశాను. ఇంట్లో మాత్రం శనివారం రాత్రి బయట తిందామని ఒక్క ముక్కే చెప్పాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, “అలాగే” అంది. ఆ చూపుని నేను సంతోషం పద్దులో వేసుకున్నాను.

శనివారం వచ్చింది. ఆవిడ అప్పటిదాకా మడత విప్పని ఆకుపచ్చ చీర కట్టుకుంది. కిటికీ పక్క టేబులు. దూరంగా సముద్రం మీద హార్బరులోకి తమ వంతు కోసం ఆగిన ఓడల దీపాలు. ఎదురుగా మా ఆవిడ. నిజంగా ఎదురుగా. నాకెక్కడ చూడాలో తెలియలేదు.

టై కట్టుకున్న స్టీవార్డు వంగి, “స్టార్టర్స్ తెమ్మంటారా సార్, తర్వాత మెయిన్” అన్నాడు. ధైర్యం వచ్చింది. మోటారు స్టార్టరు, కరెంటు మెయిన్, ఈ రెండూ నా ఉద్యోగంలో మాటలే. “మెయిన్ ఆన్ చేయకుండా స్టార్టరు ఎలా పని చేస్తుందయ్యా?” అన్నాను. ఆయన నవ్వలేదు. ఆవిడ నవ్వింది. నాకదే చాలు.

“మీకేమైనా అలర్జీలు ఉన్నాయా మేడమ్?”

మా ఆవిడ మెల్లిగా అంది. “శనివారం.”

ఆయన రాసుకోబోయి ఆగాడు. నేనూ ఆగాను.

“శనివారం నీసు ముట్టనండి. ఉల్లిపాయ, ఎల్లుల్లి తినను. రాత్రి అన్నం తినను. మా సింహాద్రి అప్పన్నకి మొక్కు.”

“ఎప్పటి నుంచి?” అని అడిగింది స్టీవార్డు కాదు, మొగుణ్నైన నేను.

“మీరు ఫర్నేసు దగ్గర పన్లో పడ్డ కాణ్ణించి. క్షేమంగా ఇంటికి రావాలని.”

అప్పుడు నాకు ఉప్మాలు గుర్తొచ్చాయి. బీ షిఫ్టు నుంచి వచ్చి మూత తీస్తే అప్పుడప్పుడు ఉప్మా ఉండేది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి కాబోలు అనుకుని తినేసేవాణ్ని. అవి శనివారాలు. నా మీద ఇన్నేళ్లుగా నడుస్తున్న మొక్కు, నాకు మాత్రం ఉప్మా.

“ముందే చెప్పొచ్చు కదా!”

“సెప్తే మీరు మానేత్తారు. మళ్లీ వారం అంతారు. మళ్లీ వారం ఇంకేదో పడతాది. ఎదురుగా కూకుందామని వచ్చీసాను. తినకపోతే ఏటయ్యింది? మీరు తినండి, నాను సూత్తాను.”

ఇన్నేళ్లూ ఒకరు తిన్నప్పుడు ఇంకొకరు తినలేదు. ఆ రాత్రి కూడా అదే జరగబోతోంది, కాకపోతే కొవ్వొత్తి వెలుగులో. ఆవిడే స్టీవార్డు వైపు తిరిగి, “ఉల్లిపాయ నేకుండా ఉప్మా సేత్తారా బాబూ?” అని అడిగింది.

ఆయన కళ్లు ఆర్పలేదు. “ట్రై చేస్తాం మేడమ్” అని వెళ్లాడు.

వచ్చింది ఉప్మా. తాంబాళమంత పళ్లెం, దాని మధ్యలో గ్లాసు బోర్లించినట్టు ఒక బుడిపె, ఆ బుడిపె నెత్తిన జెండాలా నిలబెట్టిన ఒకే ఒక్క కరివేపాకు. చుట్టూ చుక్కలు చుక్కలుగా అల్లం పచ్చడి. నాకూ అదే తెమ్మన్నాను. చేపలన్నీ ప్యాక్ చేయమన్నాను. మా ఆవిడ ఆ జెండాని పక్కకి దించి, ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

“ఎలా ఉంది?”

“ఆవాలు సిటపటనాడనేదు. అయితేటి, ఏడిగా ఉంది.” ఇంకో చెంచా తిని, “నాను సెయ్యనేదు కదా, బాగుంది” అంది.

ఎదురెదురుగా, ఇంకొకళ్లు వడ్డిస్తుంటే, వేడివేడిగా తిన్నాం. మధ్యలో ఒకసారి ఆవిడ నన్ను చూసి, “మీరు బాగా నమల్తారు, ఎప్పుడూ సూడనేదు” అంది. ఇది పొగడ్తో కాదో ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు మా బావమరిది వచ్చాడు. అయిదు కోర్సులూ ఒకే కంచంలో వేసుకుని, అన్నంలో కలిపి, పీత డిప్ప కూడా జుర్రుకుని, చెయ్యి కడిగాక నవ్వడం మొదలుపెట్టాడు.

“ఉపాసం ఉన్న మనిషిని సేపల హోటల్‌కి తీస్కెల్లేవా బావా!”

“శనివారం వెళ్లమన్నది నువ్వే కదరా. మీ అక్క మొక్కు నీకు తెలీదూ?”

“మర్సిపోనాను. అది నాకు అక్క గాని పెళ్లాం కాదు కదేటి. నువ్వు గుర్తుపెట్టుకోవాల!”

నా చేపలు తిని నన్నే తిన్నాడు. ఆ వారం తిరిగేసరికి చుట్టాలందరికీ తెలిసిపోయింది. ఆటోనగర్‌లో అతని షెడ్డు ముందు నుంచి వెళ్తే లోపలి వాళ్లు “ఉప్మా బావా, బాగున్నావా?” అని అరిచేవారు. ఓర్చుకున్నాను. కరెంటు వాడికి ఓర్పు ఉండాలి, లేకపోతే షాక్ కొడుతుంది.

కొన్నాళ్లకి బావమరిది దగ్గర నుంచి ఫోను.

“బావా, లేత్ మోటారు స్టార్టరు పోయింది. సాయంత్రం లోపల సరుకు ఇచ్చీయాల. బేగి రా.”

క్యాలెండరు చూశాను. శనివారం. అప్పన్న నా పక్షానే ఉన్నాడు.

వెళ్లాను. మెయిన్ ఆపి, స్టార్టరు మూత తీసి చూడగానే తెలిసిపోయింది. లోపల సన్న వైరు ఒకటి వదులైంది. స్క్రూ ఒక చుట్టు బిగిస్తే సరిపోతుంది. ఆ మాట చెప్పలేదు. భుజం మీది తువ్వాలు తీసి మోచేతి మీద వేసుకుని వంగాను.

“సార్, మీకేమైనా అలర్జీలు ఉన్నాయా?”

“ఏటి బావా, ఎటకారం?”

“స్టార్టర్ ఇప్పుడు తెమ్మంటారా, కాసేపాగి తెమ్మంటారా?” అంటూ ఒక స్క్రూ విప్పి, వాళ్ల టీ పళ్లెం మధ్యలో పెట్టి, ముందుంచాను. “ఇది మొదటి కోర్సు సార్. మెల్లిగా ఆస్వాదించండి.” దానికేమీ అవసరం లేదు, ఊరికే విప్పాను. తర్వాత ఇంకోటి. మధ్యలో టీ తెప్పించుకుని తాగాను. అతను గడియారం చూస్తాడు, నేను యాంబియన్స్ చూస్తాను. షెడ్డులో వాళ్లు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగారు.

“నీ కాళ్లట్టుకుంతాను బావా, మెయిన్ ఎప్పుడు?”

“స్టార్టర్ అయ్యాకే సార్, మెయిన్.”

విప్పినవన్నీ బిగించి, వదులైన వైరు బిగించి, మెయిన్ వేశాను. లేత్ గిర్రున తిరిగింది. అతను ఊపిరి పీల్చుకుని, “పద బావా, సరుకు పంపించీసి సుబ్బరంగా సేపల పులుసు తిందాం” అన్నాడు.

“వద్దు. రాత్రికి మా ఇంటికి రా. మీ అక్క పిలిచింది” అన్నాను.

వచ్చాడు. ఈ మధ్య శనివారాలు నేనూ పట్టాను, మా ఆవిడతో పాటు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మధ్యలో బావమరిది. వడ్డించింది నేను. ఇంట్లో ఉన్న అతి పెద్ద పళ్లెం వెతికి తీసి, దాని మధ్య గ్లాసు బోర్లించి ఉప్మా దింపి, నెత్తిన ఒక కరివేపాకు నిలబెట్టి, అతని ముందు పెట్టాను.

“ఇదేటి బావా, ఇంతేనా?”

“ఇంతే సార్” అన్నాను. “ఫైన్ డైనింగ్.”