ఏ కోర్సు ముందు?

నేనడిగిన ఒక్క ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు. నాచారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తూ, కంప్యూటర్ సైన్సు సొంతంగా నేర్చుకోవాలనుకున్న రోజులవి. విదేశీ యూనివర్సిటీలు అప్పుడప్పుడే పాఠాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతున్నాయి. ప్రోగ్రామింగ్, ఆల్గారిథమ్స్, వాటికి కావలసిన గణితం, ఈ మూడు కోర్సులూ దొరికాయి. ఏది ముందు చదవాలో తెలియలేదు.

మా అక్క భర్తది పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిల్కానగర్‌లో ఒక పుట్టువెంట్రుకల దావత్‌లో ఆయన్ను అడిగాను.

“బావా, ఈ మూడిట్ల ఏది ముందు జదవాలె?”

“గవన్ని నీకెందుకు బామ్మర్దీ? అమీర్‌పేటల కోచింగుకు వోయి జావా నేర్చుకో, అయిపాయె.”

“నేనడిగింది గది కాదు బావా.”

ఆయన భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ల వైపు తిరిగాడు. “సూసిన్రా, మావోడు డబ్బాలు ప్యాక్ జేసుకుంట సైంటిస్టు అయితడంట.”

బోటీ కూర వడ్డించేవాడు కూడా గరిటె ఆపి నవ్వాడు.

ఆ కోపంలో, పేరు గొప్పగా వినిపించిన ఆల్గారిథమ్స్‌తోనే మొదలుపెట్టాను. ఉప్పల్‌లో నెట్ సెంటర్ నుంచి వీడియోలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని ఇంట్లో చూసేవాణ్ని. ప్రోగ్రాం రాయడమే రాని నాకు రెండో పాఠమే మింగుడుపడలేదు. చలికాలమంతా వృథా అయింది. ఫోన్ చేస్తే బావ “మీటింగ్‌ల ఉన్న” అని పెట్టేసేవాడు.

ఇప్పుడాయన కనిపించిన ప్రతి పిల్లాడికీ ఇంటర్నెట్ చూసి నేర్చుకోమని నీతులు చెబుతున్నాడు. బావా, ఆ మూడింట్లో ఏది ముందో అప్పుడు నీకు తెలుసా, తెలియదా? ఈసారి నవ్వకుండా చెప్పు.