మాట వచ్చేదాకా ఆగే మనిషి

గుడివాడలో మా ఎదురింటి అత్తయ్యగారు పోయిన వారం కన్నుమూశారు. కబురు కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కాసేపట్లోనే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. అవి పెట్టినవాళ్ళలో చాలామంది ఇళ్ళ పిల్లలు ఆవిడ వరండాలో ఆడుకుంటూ మాటలు నేర్చినవాళ్ళే. ఆ బొమ్మలు చూస్తుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ఆవిడకీ మాకూ బంధుత్వం లేదు. పుట్టిల్లు నాగాయలంక. భర్త పోయాక కొడుకు, కోడలి దగ్గరే ఉండేవారు. ఎండాకాలం వచ్చిందంటే వీధిలో చిన్నపిల్లలంతా ఆ వరండాలో చేరేవారు. ముంజకాయలతో బండ్లు చేసిచ్చేవారు. టబ్బులో నీళ్ళు పోసి కాగితం పడవలు వదిలించేవారు. ఫలానా మాట అనమని ఎవర్నీ అడిగేవారు కాదు. కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చునేవారు. పిల్లలు చూసి చూసి, ఉండబట్టలేక ‘అలా కాదు’ అంటూ మొదలుపెట్టేవారు.

మూడేళ్ళు నిండినా మా పాప వేలు చూపించడమే తప్ప నోరు విప్పేది కాదు. వినికిడి బాగానే ఉంది, బాగా ఆడిస్తూ మాట్లాడుతూ ఉండమన్నారు డాక్టరుగారు. ప్లేస్కూలు మేడమ్ మాత్రం ఇంట్లో తెలుగు మానేయమన్నారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని గడ్డం పట్టుకుని ‘అత్త అను’ అని వేధించేవారు. అది ఏడుపు మొహం పెట్టేది.

“అడగొద్దమ్మా, ఆడుకోనీ. దానికి కావాల్సిన మాట అదే తెచ్చుకుంటుంది” అన్నారు అత్తయ్యగారు.

ఆ వేసవిలో వరండాలో కుర్చీలు వరసగా వేసి అవనిగడ్డ బస్సు నడిపారు. ఆవిడే కండక్టరు. ఎక్కడికెళ్ళాలో చెప్పినవాళ్ళకి చింతాకు టిక్కెట్టు. మా పాప ఏమీ చెప్పకపోయినా టిక్కెట్టు ఇచ్చి కూర్చోబెట్టేవారు. ఒకరోజు బస్సు పామర్రు దాటిందన్నారో లేదో, పాప చేతిలోంచి బొమ్మ జారి మెట్ల మీద పడింది.

“ఆపు, బొమ్మ పడింది” అంది మా పాప.

నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. అత్తయ్యగారు చప్పట్లు కొట్టలేదు, దాన్ని ఎత్తుకుని ముద్దులాడలేదు.

“ఆపామండీ. దిగి తెచ్చుకోండి. మీరు ఎక్కాకే కదులుతాం” అన్నారు, అచ్చం కండక్టరులాగే.

పాప దిగి, బొమ్మను తెచ్చుకుని, ఎక్కి కూర్చుంది. కూర్చున్నాక “పద” అంది. ఆ వేసవి అయిపోయేసరికి దాని నోరు మూయించడం మాకు చేతకాలేదు.

తర్వాత కొన్నేళ్ళకి మా వీధి చివర ఫంక్షన్ హాల్లో సమ్మర్ క్యాంపు పెట్టారు. ఒక్కొక్కరే పిల్లల్ని అటు పంపారు. తన ఇద్దరు పిల్లలకీ ఆ వరండాలోనే మాటలొచ్చిన ఒకాయన ఆవిడ మొహం మీదే అన్నాడు, “ఏమీ అనుకోకండి. మీ దగ్గర ఆడితే తెలుగే వస్తోంది, ఇంగ్లీషు రావడం లేదు” అని.

“నేను నేర్పేదేముంది బాబూ, వాళ్ళే మాట్లాడుకుంటారు” అని ఊరుకున్నారు ఆవిడ. మరుసటి వేసవికి వరండా ఖాళీ.

నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. రోజూ పలకరించండి, జవాబు కోసం ఆగండి, తొందరపెట్టకండి అని థెరపిస్టు చెప్పారు. కోడలు ఓపిగ్గా అలాగే చేసింది. చూడటానికొచ్చినవాళ్ళే ఆగలేదు. ఆవిడ ఎదురుగానే కూర్చుని, పాపం ఏమీ తెలియడం లేదనుకుంటా అని వాళ్ళలో వాళ్ళే చెప్పుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. ఆవిడ పెదవులు కదలడం మొదలయ్యేసరికి చెప్పులు వేసుకుంటూ ఉండేవారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

మొన్న మేలో ఒక సాయంత్రం కోడలు ఆవిడను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి లోపలికెళ్ళింది. క్యాంపు నుంచి వస్తున్న ఓ చిన్నపిల్ల ఆగి, “బాగున్నారా మామ్మగారూ?” అని అడిగింది. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకు లాగుతూ, “ఆవిడ మాట్లాడలేరమ్మా, పద” అంది. ఇద్దరూ మలుపు తిరిగిపోయారు.

నేను వీధి దాటి ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. అత్తయ్యగారు ఆ మలుపు వైపే చూస్తూ, మెడ నరాలు బిగించి, ఒక్కో అక్షరమే కూడగట్టుకుని, “బాగున్నానమ్మా” అన్నారు.