నెమలికంఠం చీర

మిరపయార్డులో ఎలీసమ్మ కంటికి పేరుంది. ముప్పై ఏళ్లుగా పట్టా మీద కాయలు పోసుకుని, ఎర్రకాయ ఒక పక్కకీ రంగు పోయిన తాలుకాయ ఒక పక్కకీ ఏరుతోంది. షెడ్డు నీడలో చూసిన రంగును ఆమె నమ్మదు. అనుమానం వస్తే గుప్పెడు కాయలు పట్టుకుని ఎండలోకి వెళ్తుంది. ఆమె తాలన్నాక మళ్లీ ఎవరూ అడగరు.

కూతురు క్రిస్టీనా జ్వరంతో పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం ప్రత్తిపాడులో, ఇంటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారు వస్తారు. గోడకు పెట్టడానికి పిల్ల పటం కావాలి. ఉన్నదల్లా ఎలీసమ్మ ఫోన్లో ఒక్క ఫొటో. చివరి క్రిస్మస్‌కి, నెమలికంఠం రంగు చీరలో, చర్చి మెట్ల మీద తీసింది.

గుంటూరులో శ్యామ్ సుందర్ ప్రింటింగ్ షాపుకు వెళ్లింది. అతను తీసిచ్చిన ప్రింటును రోడ్డు మీద ఎండలోకి తీసుకెళ్లి, తిప్పి చూసి, వెనక్కి వచ్చింది.

"తాలు, అబ్బాయ్. చీర మసిగుడ్డలా ఉంది."

రెండోదీ ఎండలోకి వెళ్లొచ్చింది. మూడోదీ అంతే.

"కాయలేరినట్టు ఏరేస్తున్నారమ్మా నన్ను" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు శ్యామ్ సుందర్. "ఫోను దీపంలాంటిదమ్మా. రంగు లోపల్నుంచి వెలుగుతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు. మీద పడ్డ వెలుతుర్లో సిరా కొంత మింగేసి, మిగిలింది మనకి చూపిస్తుంది. నా దగ్గరున్నవి నాలుగు సిరాలు. ఎలా కలిపినా ఇంత మెరిసే నీలం రాదు."

"మరి పిల్ల కట్టుకున్న చీర? అదీ దీపమేనా?"

అతను మూడో ప్రింటు పక్కన పెట్టాడు. "ఆ చీర ఒకసారి తీసుకురండమ్మా. పక్కన పెట్టుకుని సరిచేస్తాను."

"దానికే కట్టి పంపించాం. పెట్టెలో పోయింది."

అతను అదే ఫొటోను తన ఫోన్లోనూ కంప్యూటర్లోనూ తెరిచి, ఎలీసమ్మ ఫోను పక్కన పెట్టాడు. ఒకదాంట్లో చీర పచ్చగా ఉంది. ఒకదాంట్లో నీలంగా ఉంది. ఆమె ఫోన్లో ఆ రెంటికీ మధ్యన, వింతగా వెలుగుతోంది.

"ఈ మూడింట్లో అసలు రంగేదమ్మా? చెప్పండి, వీలైనంత దగ్గరకు తెస్తాను."

ఎలీసమ్మ నోరు తెరిచింది. చీర తనే కొంది. కొట్టు గుమ్మంలోకి తెచ్చి, మడత విప్పి చూసి మరీ కొంది. ఆ గుమ్మం గుర్తొచ్చింది, పక్కన నిలబడి "ఇక చాల్లేవే అమ్మా" అన్న కూతురి గొంతు గుర్తొచ్చింది. అప్పుడు చేతిలో ఉన్న చీర రంగు మాత్రం రాలేదు. ఏడాదిగా పొద్దస్తమానం చూసిన ఆ ఫోను వెలుగే వస్తోంది. ఎంత తవ్వినా దాని కింద ఇంకేమీ లేదు.

"నాకు తెలీదు బాబూ" అంది.

శ్యామ్ సుందర్ ఫోన్లు రెండూ ఆమె వైపు జరిపాడు.

"ఏదో ఒకటి తియ్యి."

అతను కంప్యూటర్ వైపు తిరిగి, నీలం కొంచెం పెంచాడు, మళ్లీ కొంచెం తగ్గించాడు. క్రిస్టీనాను ఎన్నడూ చూడని మనిషి ఆమె చీరకు రంగు నిర్ణయిస్తుంటే, ఎలీసమ్మ బల్ల మీద కూర్చుని నేలకేసి చూస్తూ ఉండిపోయింది.