మూతి తిప్పుకున్న అవ్వ

ఈ రోజు నంద్యాలలో ప్రదర్శన. అట్టపెట్టెలూ పాత పేపర్లూ అతికించి చేసిన నవ్వుతున్న అవ్వ బొమ్మను ఆళ్లగడ్డలో ఆటో ఎక్కించబోయాను. బొమ్మకు రాతి రంగు వేశానాయె, రోజూ శిల్పాలు మోసే ఆటో అన్న చొక్కా చేతులు మడిచి, ఇంకొకాయన్ను కేకేసి, ఇద్దరూ "ఊఁ" అని బలంగా ఎత్తారు. అవ్వ ఎగిరి ఆటో టాపుకు కొట్టుకుంది. మూతి వంకరపోయింది.

"ఏందక్కా, రాయి కాదని ముందే చెప్పాల గదా!" అని ఆటో అన్న నన్నే కసిరాడు. తర్వాత తల వంచి చూసి, "ఇప్పుడే బాగుండాదిలే. మా అత్త అచ్చం ఇట్నే చూస్తాది" అన్నాడు.

ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్నది ఆ మూతినే. కింద శిల్పి అని నా పేరే ఉంది. సిగ్గేసింది గానీ పేరు తీయలేదు. మీరైతే తీసేవారా?