రికార్డులో లేని వయసు

కువైట్‌లోని సల్వాలో నేను కారు నడిపిన ఐరిష్ సారుకు మనుషుల కన్నా కాగితాల మీద నమ్మకం ఎక్కువ. ఎవరేం చెప్పినా కళ్లజోడు పైకి నెట్టి, "రికార్డులో ఉందా?" అనేవాడు.

మూడేళ్లుగా తన ముత్తవ్వను వెతుకుతున్నాడు. పాత భూమి పత్రాల్లో ఆమె పొలం దొరికింది. జనాభా లెక్కల్లో పేరూ దొరికింది. కానీ పదేళ్ల తేడాతో జరిగిన రెండు లెక్కల మధ్య ఆమె వయసు పద్దెనిమిదేళ్లు పెరిగింది. కనుక ఈమె వేరే మనిషని సారు తీర్పు. పేరు కొట్టేసి, మంచాన పడి అవ్వ ఆచూకీ కోసమే కాచుకున్న వాళ్లమ్మకు "దొరకలేదు" అని చెప్పడానికి ఫోన్ తీశాడు.

వంట చేసే రాయచోటి అక్క నవ్వింది. "వయసు ఎక్కువ రాయించుకోనింటాదిలేప్పా. కువైట్‌కు వయసు చాలదని నా పాస్‌పోర్టులో ఎనిమిదేండ్లు పెంచల్యా? సారుకు చెప్పు."

చెప్పాను. ఆ రెండు లెక్కల నడుమే ఐర్లండ్‌లో డెబ్బై నిండిన వాళ్లకు పింఛను మొదలైందని మా ఊరి గ్రంథాలయంలో చదివిన సంగతి కూడా, ఎవరూ అడక్కపోయినా, జోడించాను.

అంత చదువుకున్న సారు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. కొట్టేసిన పేరు మళ్లీ రాశాడు. వాళ్లమ్మకు ఫోన్ చేసి, "దొరికింది" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, ఆమె అసలు వయసెంతని అడిగాడు.

"పాస్‌పోర్టు చూసి ఇచ్చిన నా ఇఖామా కార్డులో ఉంది గదా సార్, చూసుకో," అంది అక్క.